కాట్రిన్ మోకాలు, కణేకల్ గాలి

పొద్దున్నే బెంగుళూరులో రైలెక్కేటప్పుడు మా సామాను చాలా తక్కువ. నా సంచిలో రెండు జతల బట్టలు, మోకాలికి చుట్టే పట్టీలు, నొప్పికి రాసే మందు ఉన్నాయి. కాట్రిన్ వీపున ఒక బ్యాగు, చేతిలో వలసంచిలో వేసుకున్న కొత్త ఫుట్‌బాల్. ప్లాట్‌ఫారం మీద జనం ముందు బంతిని చూసి, తర్వాత ఆమె ఎత్తు చూసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆషాఢ మాసం. ఆకాశం నిండా మబ్బులున్నాయి గాని చినుకు లేదు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. మాది కాకినాడ. కొన్నేళ్ళుగా బెంగుళూరులో ఒక ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆడేవాళ్ళ కాళ్ళూ కీళ్ళూ చూసుకోవడం నా ఉద్యోగం. కాట్రిన్ మా జట్టులో గోల్స్ కొట్టే మనిషి. జర్మనీ ఉత్తరాన సముద్రం ఒడ్డున ఆమె ఊరు. వయసు ముప్పై నాలుగు. మా దగ్గర రెండు సీజన్లు ఆడింది. ఎడమ పక్క నుంచి పరిగెత్తి ఆమెకు బంతి అందించే అమ్మాయి పేరు సలోమి. సలోమిది కణేకల్ దగ్గర ఒక పల్లె. సీజన్ అయిపోగానే ఊరికి వెళ్ళిపోయి, అక్కడి నుంచి ఊరికే ఫోన్లు చేసేది. "రాండక్కా, మా గ్రౌండు సూద్దురు గాని. గడ్డి ఉండదు, గోడ ఉండదు. బంతి తంతే కొండ కాడికి పోతాది" అని ఊరించేది.

కాట్రిన్‌కు మా క్లబ్బుతో ఒప్పందం ముగిసింది. గ్రీసులో ఒక క్లబ్బు ఆమెను ఒక్క ఏడాదికి రమ్మంటోంది. కాకపోతే వాళ్ళ డాక్టరు సోమవారం ఉదయం నాకు ఫోన్ చేసి ఆమె ఎడమ మోకాలి సంగతి అడుగుతానన్నాడు. ఆ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. లోపల ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన మెత్తటి పొర దాదాపు అరిగిపోయింది. ఇంకో సీజన్ ఆడితే నలభై రాకుండానే ఉక్కు కీలు పెట్టించుకోవాల్సి వస్తుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా బయలుదేరే ముందు రోజు నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడి, "బాగుందని ఒక్క మాట చెప్పు సుజాతా. మిగతాది నేను చూసుకుంటాను" అంది. నేను అవుననలేదు, కాదనలేదు. "ముందు సలోమి వాళ్ళ ఊరు చూసొద్దాం పద" అన్నాను. అలా శనివారం రైలెక్కాం.

దొడ్డబళ్ళాపురం దాటేదాకా ఆమె మాట్లాడలేదు. కిటికీకి తల ఆనించి ద్రాక్ష తోటలను చూస్తూ కూర్చుంది. తోటలు తగ్గి గుండ్లూ గుట్టలూ మొదలయ్యాక ఆమె మాటలు కూడా మొదలయ్యాయి. ఆడిన ఊళ్ళ గురించి చెప్పింది. మనం చిన్నప్పటి కలలు చెప్పుకుంటామే, అలా ముందూ వెనకా లేకుండా చెప్పింది.

సొంత దేశంలో పెద్ద జట్టులో చేరింది గాని, ఎక్కువ కాలం బెంచీ మీదే కూర్చుందట. మైదానం పక్కన చలికి కాళ్ళు ఆడిస్తూ కూర్చోవడం తన మొదటి ఉద్యోగం అంది. అది భరించలేక నార్వే వెళ్ళింది. అక్కడ ఉత్తరం కొసన చిన్న ఊరు. చలికాలంలో కొన్ని వారాలు సూర్యుడు లేవనే లేవడు. మధ్యాహ్నం కూడా దీపాల వెలుతురులో ప్రాక్టీసు. మంచు పడిన రోజు ఆటగాళ్ళే పారలు పట్టుకుని మైదానం ఊడ్చేవాళ్ళు. క్లబ్బు ఇచ్చే జీతం చాలక పొద్దుటిపూట చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. "గోల్ కొట్టాక అందరూ నన్ను వాటేసుకుంటే నాకే సిగ్గేసేది. నా ఒంటి నుంచి చేపల వాసన వచ్చేది" అంది.

తర్వాత సైప్రస్. మైదానం పక్కన నిమ్మతోట ఉండేదట. గోడ దాటిన బంతిని తోటమాలి తిరిగి విసిరితే నిమ్మ వాసన వేసేదట. ఆ తర్వాత కొరియా. అది ఒక ఫ్యాక్టరీ జట్టు. షిఫ్టు దిగిన కార్మికులు యూనిఫాంలోనే వచ్చి వరసగా కూర్చుని, గోల్ పడితే ఒక్కసారిగా లేచి నిలబడి, మళ్ళీ ఒక్కసారిగా కూర్చునేవాళ్ళు. చివరికి బెంగుళూరు.

"ఇప్పుడు మీ ఊళ్ళో ఏముంది?" అని అడిగాను.

"నా గది మా అన్న పిల్లలకు ఇచ్చేశారు. వాళ్ళు మంచివాళ్ళే. నా కప్పులు అటక మీద పెట్టారు" అని నవ్వి, "పొద్దున లేవగానే ప్రాక్టీసు లేని రోజు ఎలా ఉంటుందో నాకు తెలియదు సుజాతా" అంది.

హిందూపురంలో ఒక ముసలాయన చింతపండు బుట్టతో ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. కాట్రిన్‌ను చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, ఈయమ్మ యా ఊరామె? శానా పొడుగుండాది."

"జర్మనీ తాతా" అన్నాను.

"ఆడ వానలు పడతాండాయా?"

నేను ఆ ప్రశ్న ఇంగ్లీషులో చెబితే, కాట్రిన్ చాలా పడతాయని రెండు చేతులతో చూపించింది. ముసలాయన తల ఊపాడు. "అయితే మంచి ఊరే" అని తేల్చేసి, పెనుకొండ వచ్చేదాకా కళ్ళు మూసుకున్నాడు.

అనంతపురంలో దిగేసరికి భోజనాల వేళయింది. బస్టాండు దగ్గర మెస్సులో రాగి సంగటి, పప్పు, వేయించిన వేరుశనగలతో, అక్కడి మాటలో చెనిక్కాయలతో, నూరిన ఊరుబిండి పచ్చడి తిన్నాం. కాట్రిన్ సంగటి ముద్దను చేత్తో తుంచడం సలోమి దగ్గర ఎప్పుడో నేర్చుకుంది. వడ్డించే ఆమె ముచ్చటపడి ఇంకో ముద్ద వేసింది.

ఉరవకొండ మీదుగా కణేకల్ పోయే బస్సు ఆ మధ్యాహ్నం జనంతో కిక్కిరిసి ఉంది. అటువైపు వెళ్ళేవాళ్ళు కిటికీ పక్కన చోటు దొరికేదాకా ఒక బస్సు వదులుకున్నా నష్టం లేదు. చూడాల్సిందంతా బయటే ఉంది. మేము మెట్ల దగ్గర తోపులాటలో ఉండగా, ఒక ఎరువుల బస్తా ఎవరి నెత్తి మీది నుంచో జారబోయింది. కింద ఒక ముసలమ్మ నిలబడి ఉంది. కాట్రిన్ ఒక్క కేక పెట్టింది. "ఎనక! ఎనక ఉండాది!" ముసలమ్మ గబుక్కున జరిగింది, బస్తా నేల మీద పడింది. బస్సంతా ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత గొల్లున నవ్వింది.

కాట్రిన్‌కు వచ్చిన తెలుగు అంతా మైదానంలో సలోమి నేర్పినదే. కొట్టు, ఆడు, బిరీన రా, ఎనక ఉండాది. అన్నీ అరిచే మాటలు. మామూలుగా మాట్లాడుకునే తెలుగు ఒక్క ముక్క రాదు. కండక్టరు టికెట్టు ఇస్తూ, "ఏమప్పా, మా భాష మాకన్నా గట్టిగా మాట్లాడతాండాదే" అన్నాడు.

ఊరు దాటాక నేల ఎర్రగా తెరుచుకుంది. దుక్కి దున్ని వదిలిన చేలు కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి. విత్తనం ఇంకా పడలేదు. ఒక్క వాన కోసం ఆ దేశమంతా చేతులు కట్టుకుని నిలబడినట్టుంది. మబ్బులు మాత్రం ఆగని రైళ్ళ మాదిరి మా మీదుగా తూర్పుకు పోతూనే ఉన్నాయి. వాటి నీడలు చేల మీద జారుతుంటే భూమే కదులుతోందేమో అనిపించేది. గాలి అంటే ఆ గాలి! బస్సు కిటికీలు ఆగకుండా దడదడలాడాయి. ఉరవకొండ దాటాక గుట్టల మీద తెల్లటి గాలిమరలు కనబడ్డాయి. ఒకటి కాదు, వరసలు వరసలు. అంత పెద్ద రెక్కలు అంత నిదానంగా, చప్పుడు లేకుండా తిరుగుతుంటే, నిద్రలో ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది. కాట్రిన్ వాటిని చూస్తూ తన ఊరి దగ్గర సముద్రంలో కూడా ఇవే ఉన్నాయంది. "ఇక్కడ సముద్రం ఒక్కటే లేదు" అంది. నాకు మాత్రం ఆ ఎర్రటి చేలే సముద్రంలా కనిపించాయి.

కణేకల్ సమీపిస్తుండగా కాలువ వచ్చింది. కాలువ వెంబడి ఉన్నట్టుండి పచ్చటి చేలు, కొంగలు, చల్లటి గాలి. రెండు మలుపులు తిరగ్గానే మళ్ళీ ఎర్ర నేల. ఆ పచ్చదనం నిజంగా చూశామా, కునుకులో చూశామా అని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

బస్టాండులో సలోమి ఆటో పెట్టుకుని నిలబడి ఉంది. క్లబ్బులో జెర్సీలో తప్ప చూడని పిల్లను పూలు పెట్టుకుని చూస్తే కొత్తగా అనిపించింది. ఆమె నాయన యోసేపు, అమ్మ మరియమ్మ. ఇద్దరూ కాలువ కింద చేలల్లో కూలికి పోతారు. సొంతానికి కొంచెం మెట్ట ఉంది, వానొస్తే చెనిక్కాయ వేస్తారు. రెండు గదుల ఇల్లు. ముందు గది మాకు ఇచ్చి వాళ్ళు వసారాలో పడుకున్నారు. మేము వద్దంటే యోసేపు వినలేదు. "మాకు గాలి కావల్లమ్మా, లోపల మాకు నిద్ర రాదు" అన్నాడు.

ఆదివారం పొద్దున రేకుల కప్పు చర్చికి అందరం వెళ్ళాం. ప్రార్థన అయ్యాక జనం కాట్రిన్ చుట్టూ మూగారు. సాయంత్రం ఆటకు ఆమె దిగుతుందని ఊరంతా అనుకుంటోంది. పక్క పల్లెల నుంచి కూడా పిల్లలు వస్తారట. సలోమి వాళ్ళ చిన్నప్పుడు బడిలో ఒక డ్రిల్లు మేష్టారు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాడు. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయినా, ఆదివారం ఆట మాత్రం ఆగలేదు.

చర్చి నుంచి ఇంటికి వచ్చాక కాట్రిన్ మంచం మీద కాలు చాపి కూర్చుంటే, మరియమ్మ వచ్చి ఆ మోకాలి మీది మచ్చలు చూసింది. అడక్కుండానే చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. "దేవా, ఈ బిడ్డ మోకాలు నీకు తెలుసు. ఇది ఎన్ని దేశాలు తిరిగిందో నీకు తెలుసు. దీనికి నెమ్మది ఇయ్యి తండ్రీ" అంది. లేచి, కళ్ళు తుడుచుకుని, కోడిని తరమడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ ఏమందో కాట్రిన్ నన్ను అడిగింది. నేను మాట మాటా చెప్పాను. ఆమె తల వంచుకుని కూర్చుంది. ఇక దాచి లాభం లేదనిపించింది నాకు.

"రేపు ఆ డాక్టరు ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టే చెబుతాను కాట్రిన్" అన్నాను.

ఆమె తలెత్తింది. ఆ నీలం కళ్ళలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"నీకు ఏం పోతుంది? అది నా కాలు."

"నీ కాలే. ఆ అబద్ధం మాత్రం నాది అవుతుంది."

"ఒక్క ఏడాది సుజాతా. సముద్రం పక్కన ఒక్క ఏడాది."

"ఆ ఏడాది తర్వాత మెట్లెక్కలేవు."

ఆమె బ్యాగు తెరిచి బూట్లు తీసింది. నాకు భయం వేసింది. "ఈరోజు ఆడొద్దు. నేల గట్టిగా ఉంటుంది" అన్నాను. వినిపించుకోకుండా లేసులు కట్టుకుంటూ, "రేపు నీ ఇష్టం. ఈరోజు నా ఇష్టం" అంది. మోకాలికి పట్టీ చుట్టడానికి మాత్రం ఒప్పుకుంది. నేను నేల మీద కూర్చుని పట్టీ చుడుతున్నంతసేపూ మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నాలుగున్నరకు గ్రౌండుకు వెళ్ళాం. సలోమి చెప్పింది నిజమే. గడ్డి లేదు, గోడ లేదు. గోల్ కోసం ఒక వైపు రెండు రాతి కూసాలు, ఇంకో వైపు రెండు ఇనప పైపులు పాతారు. మధ్యలో ఎర్రటి నేల. పడమటి గుట్ట మీద గాలిమరలు. ఎండ వాలినప్పుడు వాటి రెక్కల నీడలు గ్రౌండు మీద పడి ఒకదాని వెంట ఒకటి నడిచి పోతుంటాయి. ఆడే పిల్లలు వాటిని పట్టించుకోరు. నేను మాత్రం ప్రతి నీడకూ తల వంచుకున్నాను.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఆషాఢం గాలికి ఎదురు ఆడే జట్టుకు ఒక మనిషిని ఎక్కువ ఇస్తారు. ఆ రోజు ఆ ఎక్కువ మనిషి కాట్రిన్. అదే జట్టులో సలోమి, ఇంకా హనుమక్క అనే అమ్మాయి ఉన్నారు. హనుమక్క బడిలో సలోమితో ఆడినదే. పక్క పల్లెకు కోడలైంది, బిడ్డ పుట్టాడు. పెళ్ళయినాక గ్రౌండులో అడుగు పెట్టడం ఇదే మొదలట. చుడీదారు మీద పాత జెర్సీ తొడుక్కుని, వట్టి కాళ్ళతో, ఎటు నిలబడాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తోంది. గ్రౌండు పక్కన ఆమె అత్త లింగమ్మ చంటివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"సూసి పోదామని వచ్చినా. పిల్లోనికి ఆకలైతే పిలుస్తా, మద్దెలోనే వచ్చేయల్ల అని చెప్పినా" అంది లింగమ్మ.

ఆట మొదలైంది. కాట్రిన్ మొదట నడిచింది. గాలి ఎటు తోస్తోందో, బంతి ఎంత ఎగురుతోందో చూసుకుంది. తర్వాత కదిలింది. పెద్దగా పరిగెత్తలేదు. ఎక్కడికి బంతి వస్తుందో అక్కడ ముందే ఉండేది. దుమ్ములో ఎర్రబడిన ఆ పొడుగు మనిషి ఒక్కో అడుగు వేస్తుంటే, నాకు ఆమె చెప్పిన మంచు మైదానం, నిమ్మతోట, యూనిఫాంలో లేచి నిలబడే జనం, అన్నీ ఈ ఎర్ర నేల మీద కలిసిపోయినట్టు అనిపించింది. నా భయం ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు. ఎగిరొచ్చిన బంతిని ఛాతీతో దించి పాదం మీద నిలబెట్టినప్పుడు చుట్టూ ఉన్న జనం కేకలు కూడా వేయలేదు. గాలి చప్పుడు ఒక్కటే వినిపించింది.

కొంతసేపటికి అవతలి జట్టు ఒక గోల్ కొట్టింది. గాలి వాళ్ళ వైపు ఉంది మరి. కాట్రిన్ నడకలో చిన్న తేడా నాకు తెలిసింది. ఎడమ కాలు నేల తాకగానే ఎత్తేస్తోంది. లేచి నిలబడ్డాను. ఆమె నా వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

పొద్దు గుట్ట మీదికి దిగుతుండగా సలోమికి ఎడమ పక్క బంతి దొరికింది. ఆ పరుగు నేను బెంగుళూరులో చాలాసార్లు చూశాను. లైను వెంట పోయి, ఉన్నట్టుండి ఆగి, అడ్డంగా తంతుంది. ఆ చోట కాట్రిన్ ఉంటుంది, ఎడమ కాలు నేలకు ఊని కుడికాలితో కొడుతుంది. సీజన్ పొడవునా అదే గోల్. బంతి గాలిని కోసుకుంటూ నేల బారుగా వచ్చింది. కాట్రిన్ సరిగ్గా అక్కడే ఉంది. గోల్‌కీపరు ఆమె వైపు దూకడానికి సిద్ధమైంది. నేను కళ్ళు మూసుకోబోయాను. ఆ కాలు ఊనితే ఏమవుతుందో నాకు తెలుసు.

"ఇడ్సు!" అని అరిచింది కాట్రిన్.

వదిలెయ్ అని ఎవరికి చెప్పిందో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తనకే చెప్పుకుంది. రెండు కాళ్ళూ ఎడం చేసి బంతిని మధ్య నుంచి పోనిచ్చింది. వెనక నుంచి పరిగెత్తుకొస్తున్న హనుమక్క వట్టి కాలితో ఒక్క తన్ను తన్నింది. బంతి రాతి కూసాల మధ్య నుంచి దూసుకుపోయి చేలల్లోకి, అక్కడి నుంచి గాలి దయ ఎంతవరకో అంతవరకూ దొర్లిపోయింది.

హనుమక్క తన్నిన చోటే నిలబడిపోయింది. సలోమి వచ్చి మీద పడేదాకా కదల్లేదు. నా పక్కన లింగమ్మ చంటివాణ్ణి భుజాన వేసుకుని లేచి, "ఏమప్పా, మా కోడలేనా కొట్టింది?" అని అందరినీ అడిగింది. మీ కోడలే అని నలుగురు చెప్పినా చాలలేదు. గ్రౌండులోకి నడిచి వెళ్ళి, పోయిన బంతి ఇంకా దొరక్కముందే, "హనుమీ, ఇంగొకటి కొట్టు! పిల్లోన్ని నేను సూసుకుంటా" అని అరిచింది. గోల్‌కీపరుతో సహా అందరూ నవ్వారు.

కాట్రిన్ కుంటుకుంటూ వచ్చి నా పక్కన నేల మీద కూలబడింది. మొహం నిండా ఎర్రటి దుమ్ము. పట్టీ విప్పి చూశాను. మోకాలు ఉబ్బింది గాని పెద్ద దెబ్బేమీ తగల్లేదు. గాలిమరల నీడలు పొడుగై మమ్మల్ని దాటి పోతున్నాయి.

"నొప్పికి భయపడి వదిలావా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది. "లేదు. ఆ అమ్మాయి కాళ్ళ చప్పుడు వినిపించింది. వెనకాల ఎవరు వచ్చినా సరే, నేనే కొట్టాలి అనిపించేది నాకు. చిన్నప్పటి నుంచీ అంతే. బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా అంతే. ఈరోజు అనిపించలేదు. నా కోరిక ఎక్కడుందా అని వెతికాను, లేదు." కాసేపు మట్టిలో వేలితో గీతలు గీసి, "పొద్దున నీ మీద అరిచాను" అంది.

"అరిస్తే అరిచావులే. పట్టీ చుట్టనిచ్చావు, చాలు" అన్నాను.

ఆమె ఏడ్చింది. నవ్వుతూ ఏడ్చింది. సలోమి పరిగెత్తుకొచ్చి, "ఏమైందక్కా, నొప్పి ఉండాదా?" అని కంగారుపడింది. ఆ రోజు దాకా సలోమికి ఈ సంగతేదీ తెలియదు. కాట్రిన్ ఆమె చెయ్యి పట్టుకుని తనే చెప్పింది, ఇక ఆడనని. సలోమి నమ్మలేదు. నమ్మాక కోపం తెచ్చుకుంది. "మరి నేను బంతి ఎవురికియ్యల్ల?" అని అడిగింది. కాట్రిన్ చేలల్లో బంతి వెతుకుతున్న హనుమక్క వైపు చూసింది. సలోమి కూడా అటే చూసి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఆటలోకి వెళ్ళింది.

తెచ్చిన కొత్త బంతి అక్కడే ఇచ్చేశాం. సోమవారం పొద్దున్నే యోసేపు మమ్మల్ని బస్టాండు దాకా దింపాడు. దారిలో ఆకాశం చూసి, "పడేటట్టే ఉండాది, పడదు" అన్నాడు. కాట్రిన్‌తో కరచాలనం చేసి, "మళ్ళా ఎప్పుడొస్తావమ్మా? చెనిక్కాయ పీకేటప్పుడు రా, పచ్చికాయలు ఉడకబెడ్తాం" అన్నాడు. వానే రాలేదు, విత్తనమే పడలేదు, అప్పుడే కాయ పీకే రోజుకు పిలుస్తున్నాడు ఆయన. వస్తానంది కాట్రిన్.

ఈసారి నేరుగా పోయే బస్సు దొరకలేదు, ఉరవకొండలో మారాలి. బస్టాండు ఎదురుగా హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చెప్పి కూర్చున్నాం. నానబెట్టిన బొరుగులతో, అంటే మరమరాలతో, చేసే ఈ టిఫిను అటువైపు వెళ్ళేవాళ్ళు తప్పక తినాలి. ప్లేట్లు వచ్చేసరికి నా ఫోన్ మోగింది. గ్రీసు డాక్టరు. నేను ఏం చెప్పాలో రెండు రోజులుగా మనసులో కూర్చుకున్న మాటలన్నీ నాలిక దాకా వచ్చాయి. కాట్రిన్ చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చేశాను.

"నేను కాట్రిన్‌ను" అంది ఇంగ్లీషులో. "నా మోకాలు బాగాలేదు. ఇంక బాగవదు. మిమ్మల్ని ఇన్ని రోజులు ఆశపెట్టినందుకు క్షమించండి." అవతల ఆయన ఏదో అన్నాడు. ఆమె విని, థాంక్స్ చెప్పి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. తర్వాత బజ్జీ కొరికి, కారానికి కళ్ళ నీళ్ళు తిరిగితే, అవి ఎందుకు తిరిగాయో ఎవరికీ చెప్పక్కర్లేకుండా తుడుచుకుంది.

అనంతపురంలో మధ్యాహ్నం రైలు దొరికింది. పోయేటప్పుడు కనబడిన గుట్టలే, చేలే, వెనక్కి పోతున్నాయి. ఎక్కడికి వెళ్ళొచ్చామని ఎవరైనా అడిగితే నేను సరిగ్గా చెప్పలేను. గుడులున్నాయి, కోటలున్నాయి ఆ జిల్లాలో. మేము ఏవీ చూడలేదు. ఒక ఎర్రటి నేల, దాని మీద ఎప్పుడూ ఎటో పోతూ ఉండే గాలి, మబ్బుల కింద పడుకుని ఎదురుచూసే చేలు, ఇవే చూశాం. అక్కడ ఉన్న రెండు రోజులూ ఎవరో నన్ను మెల్లగా ఊపుతున్నట్టుంది. ఆషాఢంలోనే వెళ్ళండి. వానలు పడ్డాక పచ్చగా ఉంటుందంటారు, ఉండొచ్చు. నాకు మాత్రం ఆ ఎదురుచూపుల నేలే నచ్చింది.

ధర్మవరంలో ఒకావిడ పట్టుచీరల మూటతో ఎక్కింది. వాళ్ళింట్లో మగ్గాలున్నాయట, బెంగుళూరులో కొట్టుకు చీరలు ఇవ్వడానికి పోతోంది. మూటను మా ఎదుటి సీటు మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. కాసేపటికి కాట్రిన్ వైపు చూసి నన్ను అడిగింది.

"ఈయమ్మ ఏం పని చేస్తాది?"

నేను జవాబు చెప్పబోయి ఆగాను. కాట్రిన్ ప్రశ్నేమిటని అడిగింది. చెప్పాను. ఆమె కొంచెం ఆలోచించి, "ఆడు అనే మాట అయిపోయినదానికి ఎలా చెప్పాలి?" అని అడిగింది.

"సలోమి వాళ్ళయితే 'ఆడినా' అంటారు."

రెండుసార్లు పెదాలతో అనుకుంది. తర్వాత ఆవిడ వైపు తిరిగి, ఎప్పటిలా అరవకుండా, నెమ్మదిగా అంది. "ఫుట్‌బాల్ ఆడినా."

"బాగా ఆడినావా?"

దీనికి నా సాయం అక్కర్లేకపోయింది. "బాగా ఆడినా" అంది కాట్రిన్.

ఆవిడ ఆ ఉబ్బిన మోకాలిని ఒకసారి చూసింది. పట్టుచీరల మూట ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ అయిన సీటును చేత్తో తుడిచింది.

"అయితే ఈడ కాలు సాపుకోమ్మా" అంది.